తువ్వాలు కింద మాట

నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఇంట్లోవాళ్ళూ అంటారు, ఆఫీసువాళ్ళూ అంటారు. భవ్య ఒక్కతే ఎప్పుడూ అనలేదు. అనడానికి దానికి పూర్తి హక్కున్న రోజున కూడా అనలేదు. అందుకే దాని సంగతి నేనే చెప్పాలి. ఇంకొకరు చెబితే నేను చేసిన పనిని మర్యాదకి దాటేస్తారు.

భవ్యది పర్చూరుకి అవతల ఒక పల్లె. నాది ఒంగోలు. పేరు కౌసర్. మా ఇద్దరి ఉద్యోగం ఒక హైదరాబాదు కంపెనీలో, పని మాత్రం ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసుకోవడం. ఆస్పత్రుల నుంచి వచ్చే రోగుల రికార్డుల్లో తప్పులు వెతికి సరిచేసి పంపుతాం. పదకొండు మంది టీముకి నేను లీడర్ని. ఉన్న పనికంటే ఆ పని గురించి పెట్టుకునే మీటింగులే ఎక్కువ, అది వేరే ఏడుపు.

భవ్యకి ముప్పై రెండేళ్ళు. బక్కపలచని మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. మేమంతా మీటింగుల్లో రోగుల పేర్లు గడగడా చదివేస్తుంటే అది మాత్రం "నిన్నటి పెద్దామె ఫైలు", "ఆ మోకాలి కేసు" అనేది తప్ప పేరు పలికేది కాదు. "పేరు చెప్పి చావవే, టైం వేస్టు" అని నేనెన్నిసార్లు కసిరానో. "ఆమె మనకి చెప్పుకోలేదు గదక్కా, మనం కాగితంలో చూశాం" అనేది. ఈ బుద్ధి ఎక్కడిదా అనుకునేదాన్ని. వాళ్ళ నాన్నని చూశాక తెలిసింది.

వాళ్ళ నాన్న చెంచురామయ్య నలభై ఏళ్ళు పశువుల సంతల్లో బేరాలు కుదిర్చిన మనిషి. ఆ బేరం చూడనివాళ్ళకి చెబుతాను. నలుగురిలో రేటు నోటితో అనరు. అమ్మేవాడి చేతి మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని నొక్కుతారు. ఏ వేలు, ఎన్నిసార్లు అన్నదే రేటు. అట్లాగే కొనేవాడి దగ్గరికి వెళ్ళి మళ్ళీ తువ్వాలు కప్పుతారు. చుట్టూ యాభై మంది మూగి చూస్తున్నా తెలిసేది ఆ ముగ్గురికే. చెంచురామయ్య ఏ గిత్తల జత ఎంతకి కుదిర్చాడో బతికున్నన్నాళ్ళు భార్యకి కూడా చెప్పలేదట. ఆమె అలిగేదట, ఆయన నవ్వి ఊరుకునేవాడట.

అలాంటి మనిషికి మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట సంతకి పోయే దారి మర్చిపోయాడు. తర్వాత భార్య చనిపోయిందన్న సంగతి మర్చిపోయి, తిన్నదో లేదో కనుక్కోమని పోరేవాడు. ఆఖరికి కూతురి పేరు పోయింది. భవ్యని చూసి "కోటేశ్వరీ" అనేవాడు. కోటేశ్వరి ఆయన చెల్లెలు, చిన్నతనంలోనే జ్వరమొచ్చి పోయిందట. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో భవ్య అన్న పిలుపు లేదు.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. భవ్య కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడంటే పని సాగదు, హైదరాబాదు వచ్చెయ్యమంటారని భయం. అది వెళితే ఆయన్ని చూసే దిక్కెవరు? పగలు సాయానికి వీరమ్మ అనే ఆమె వచ్చేది. ఆమె ఎంత మంచిదైనా కూలికి వెళ్ళే మనిషి, కోతల రోజుల్లో ఉండదు.

గుట్టు ఎట్లా బయటపడిందో చెబుతాను. మా మేనేజరు ప్రభు ఎక్కడో చూసి ఒక ఉచిత మీటింగు అసిస్టెంటు తగిలించాడు. మీటింగు మొదలవగానే దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. అందరి మాటలూ వింటుంది, ఏ భాషలో మాట్లాడినా ఇంగ్లీషులోకి మార్చుకుంటుంది. అయిపోగానే నిర్ణయాలేమిటో, ఎవరు ఏ పని చెయ్యాలో రాసి, మీటింగుకి పిలిచిన ప్రతివాళ్ళకీ మెయిలు కొట్టేస్తుంది. నాకు తెగ నచ్చింది. నోట్సు రాసే చాకిరీ తప్పింది గదా.

రెండో వారంలో ఆస్పత్రివాళ్ళు కూడా ఉన్న మీటింగు. భవ్య మాట్లాడే వంతు వచ్చినప్పుడు మైకు తెరిచింది. వెనకాల ఎవరో పెద్దాయన ఏదో అంటున్నట్టు వినిపించింది, మేం పట్టించుకోలేదు. ఆ యంత్రం పట్టించుకుంది. పది నిమిషాల్లో ఇరవై మూడు మందికి మెయిలు వచ్చింది. మన భాషలో చెప్పాలంటే ఇది: నిర్ణయం, ఎడమవైపు గిత్తకి డెక్క బాగాలేదు, తీసుకోవద్దు. చేయవలసిన పని, పంచె తడిసింది, మార్చాలి. బాధ్యత, భవ్య.

గ్రూపు నిండా నవ్వు బొమ్మలు. నేనూ పంపాను, దాచుకోవడమెందుకు. ఒకటి కాదు మూడు. పొట్ట పట్టుకుని నవ్వాను.

తర్వాత ఫోన్ చేసి "ఏమ్మా, ఎద్దుల యాపారం పెట్టావా?" అన్నాను. అప్పుడు చెప్పింది, నేను పైన చెప్పిందంతా. ఏడవకుండా, ఫైలు చదివినట్టు చెప్పింది.

"నవ్వారని కాదక్కా. మా నాన్న ఒకరి సంగతి ఇంకొకరి చెవిన వెయ్యని మనిషి. ఆయన పంచె తడిసిన సంగతి ఇరవై మూడు మందికి వెళ్ళింది. నా వల్ల వెళ్ళింది."

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ నాకున్న రోగం ఏమిటంటే, సిగ్గేసినప్పుడు క్షమించమని అడగడం చేతకాదు, కోపం వస్తుంది. "అయితే ఇప్పుడేం చేద్దామంటావు? మీటింగులు మానేద్దామా?" అన్నాను.

"వద్దు. మన చెవి దాటి బయటకి పోని అసిస్టెంటు ఏదన్నా ఉంటుంది. నేను వెతుకుతా. అదే పెట్టించు. అంతే అడిగేది."

ప్రభు మొదట ఒప్పుకోలేదు. ఆస్పత్రివాళ్ళు కూడా ఆ మెయిలు చూసి, మా రోగుల మాటలు కూడా ఇట్లాగే ఎక్కడికో పోతున్నాయా అని నిలదీసేసరికి దిగొచ్చాడు. ఆ వెతికే పని భవ్యకే అప్పజెప్పాడు. భవ్య మొదట చేసిన పని, ఆ ఉచిత కంపెనీకి రోజు మార్చి రోజు ఉత్తరాలు రాసి, వాళ్ళ నాన్న గొంతున్న రికార్డింగు చెరిపించడం. చెరిపేశామని జవాబు వచ్చిన రోజున నాకు పాయసం ఫోటో పంపింది.

రెండు నెలలు వెతికింది. వాళ్ళ నాన్నకి అన్నం కలిపి పెడుతూ, రెండో చేత్తో ఫోన్లో ఆ కంపెనీల షరతులు చదివేది. అవి ఎంత పొడుగుంటాయో మీకు తెలుసు, ఎవడూ చదవకుండా ఒప్పుకుంటాం. ఇది అక్షరం వదల్లేదు. మాట ఎక్కడికి పోతుంది? ఎవరి కంప్యూటర్లో ఉంటుంది? ఎన్నాళ్ళుంటుంది? ఆ యంత్రానికి పాఠాలు నేర్పడానికి మన మాటలు వాడుకుంటారా? చెరపమంటే నిజంగా చెరుపుతారా, లేక మన కళ్ళ ముందు నుంచి తప్పిస్తారా? అమ్మేవాళ్ళకి ఫోన్లు చేసి అడిగేది. ఒకతన్ని "మా నాన్న దగ్గు మీ దగ్గర ఎక్కడ పెడతారండీ?" అని అడిగిందట. అతను నవ్వాడట. ఆ పేరు కొట్టేసింది.

ఆఖరి రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దామని సంక్రాంతి దాటాక నేనే వాళ్ళూరు వెళ్ళాను. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆటో దిగిన దగ్గర్నుంచి ఘాటుకి తుమ్ములే తుమ్ములు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో భవ్య బల్ల, దానికి వెనకగా నాలుగడుగుల దూరంలో చెంచురామయ్య మంచం. బల్ల తలుపు చాటున పెట్టుకోవచ్చు గదా అంటే, తను కనపడకపోతే ఆయన లేచి వెళ్ళిపోతాడు అంది.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ ఊరమ్మాయ్? ఎద్దుల కోసం వచ్చావా?" అన్నాడు.

"అవును పెదనాన్నా" అన్నాను, ఏమనాలో తెలియక.

భుజం మీద తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. లోపల నా వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ వయసులో, ఆ జబ్బుతో అంత పట్టు ఉంటుందనుకోలేదు. నా మొహంలోకి చూసి గొంతు తగ్గించి, "ఈ మాట మనిద్దరి మధ్యే. ఇంకోళ్ళకి చెప్పావో బేరం చెడుద్ది" అన్నాడు.

"చెప్పను" అన్నాను.

భవ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అన్నీ పోయినయ్ అక్కా, అది మాత్రం పోలేదు. నా పేరు పోయింది గానీ అది పోలేదు" అంది. నవ్వుతూనే అంది. నా చేతి మీది తువ్వాలు తీసి ఆయన భుజం మీద వేస్తూ, "ఒక్కసారి నా పేరు పెట్టి పిలిస్తే చాలు. ఇంకేం అక్కర్లేదు" అంది. ఆ మాటకి నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఎంపిక అయిపోయింది. భవ్య ఎంచిన అసిస్టెంటు మాటని అంత చక్కగా రాయదు, సగం పేర్లు తప్పులే. నాకైతే చిరాకు. కానీ అది మన కంప్యూటర్లోనే ఉండి పనిచేస్తుంది, బయటకి ఒక్క ముక్క పంపదు. మాట అక్షరాలవగానే గొంతుని చెరిపేస్తుంది, మళ్ళీ తెమ్మన్నా తేలేదు. ఎవరి అక్షరాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి, మనం చదివి సరేనంటేనే అవతలివాళ్ళకి పోతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మీటింగులో మన మైకు మ్యూట్ అయిన క్షణం అది కూడా చెవులు మూసుకుంటుంది. మిగతావాటిలో అట్లా కాదట, మనల్ని మ్యూట్ చేసినా అవి గదిలో మాటలు వింటూనే ఉంటాయట. భవ్య అన్నిటికంటే పైన రాసుకున్న షరతు అదే.

"ఇది తువ్వాలు లాంటిదక్కా" అంది. సరేలే తల్లీ అని సంతకం పెట్టాను.

నెల రోజులు హాయిగా గడిచింది. భవ్య మొహం తేటపడింది. మీటింగుల్లో మాట్లాడటం కూడా ఎక్కువైంది.

ఫిబ్రవరి ఆఖర్లో మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. వీరమ్మ పొద్దున్నే గుంపుతో కోతకి వెళ్ళిపోయింది. పన్నెండింటికి ఆస్పత్రివాళ్ళతో పెద్ద మీటింగు. నడిపేది నేను. భవ్య తన వంతు చెప్పడం పూర్తిచేసింది, బాగా చెప్పింది కూడా. మైకు మూయడం మర్చిపోయి అవతలి డాక్టరు చెప్పేది రాసుకుంటోంది. దాని చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నాయి. బయటి చప్పుడు ఒక్కటీ రానివ్వని రకం. టీము మొత్తానికి నేనే పట్టుబట్టి తెప్పించినవి.

డాక్టరు మాటకి అడ్డంగా ఒక గొంతు వచ్చింది. పెద్ద గొంతు, పొలాల్లో గట్టు మీద నుంచి కేకేసే గొంతు. "భవ్యా! భవ్యా!" డాక్టరు ఆగాడు. అందరూ తలెత్తారు. భవ్య తలెత్తలేదు, రాసుకుంటూనే ఉంది. ఆ గొంతు ఇంకా ఏదో అంటోంది. నాకు ఒళ్ళు మండింది. ఎన్నిసార్లు చెప్పాలి, మాట్లాడటం అవగానే మైకు మూసుకోమని? పిలుస్తున్నదెవరు, ఏ పేరు పిలుస్తున్నాడు అన్నది నా బుర్రకి ఎక్కనే లేదు. చప్పుడు, అంతే. భవ్య పేరు పక్కనున్న మ్యూట్ నొక్కేశాను. "సారీ డాక్టర్, కంటిన్యూ" అన్నాను.

మీటింగు అయిన పావుగంటకి ఫోన్. భవ్య రొప్పుతోంది.

"అక్కా, నాన్న నన్ను పిలిచాడు. పేరు పెట్టి పిలిచాడక్కా!"

"ఏం మాట్లాడుతున్నావే?"

"ఇందులో పడింది చూడు, పంపుతున్నా. నేను వినలేదక్కా, ఇప్పుడు నోట్సు చదువుతుంటే కనపడింది. పరిగెత్తుకెళ్ళా. ఏంది నాన్నా చెప్పు అంటే, కోటేశ్వరీ మంచినీళ్ళియ్యి అంటన్నాడు."

అది పంపిన ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది. డాక్టరు మాటల మధ్యలో ఒక వరస. ఈ ఒక్కసారికి తప్పులు లేకుండా రాసింది ఆ పాడు యంత్రం. "భవ్యా. భవ్యా. ఇటు రామ్మా, నీకో మాట చెప్పాలి." దాని కిందే ఇంకో వరస. "మీటింగు నడిపేవారు మ్యూట్ చేశారు. వినడం ఆపాను."

యా అల్లా. భవ్య ఫోన్లో "విన్నావా అక్కా, విన్నావా" అంటోంది. నేను చూస్తా, మళ్ళీ మాట్లాడతా అని పెట్టేశాను. పెట్టేసి వంటింట్లో కింద కూర్చుండిపోయాను.

గొంతు తిరిగి తేవడానికి వీలుంటుందేమోనని ఆ సాఫ్ట్‌వేరువాళ్ళకి నేనే ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి ఎంతో గర్వంగా చెప్పింది, "లేదండీ, మావైపు ఏమీ ఉండదు, మీవైపూ ఉండదు, అదే మా గొప్ప" అని. ఆ అమ్మాయి మీద అరిచాను. పాపం, ఆమె తప్పేముంది? మేం అడిగిందే ఇచ్చారు.

ఆ రోజు నుంచి భవ్య హెడ్‌ఫోన్లు ఒక చెవికే పెట్టుకుంది. రెండో చెవి మంచం వైపు. కోతకి వెళ్ళవద్దని బతిమాలితే వీరమ్మ కూడా కూలి మానుకుని వచ్చి కూర్చుంది. పదకొండు రోజులు. ఆయన కోటేశ్వరిని పిలిచాడు, సంతల నాటి మనుషులు ఎవరెవరినో పిలిచాడు. భవ్యని పిలవలేదు. పన్నెండో రోజు జ్వరం, ఆయాసం. ఒంగోలు ఆస్పత్రికి తెచ్చారు. నేను వెళ్ళేసరికి ముక్కుకి గొట్టం పెట్టి ఉంది. భవ్య పక్కన నిలబడి దుప్పటి కింద ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. "నొక్కుతున్నాడక్కా. నాకేమో అది చదవడం రాదు" అంది. మర్నాడు సాయంత్రం పోయాడు.

ఆయన పదకొండో రోజు కర్మకి వెళ్ళాను. వెళ్ళడానికి మొహం చెల్లలేదు, అయినా వెళ్ళాను. భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. వీరమ్మ గిన్నెలు తోముతోంది. మంచం నులక విప్పేసి గోడకి ఆనించారు. భవ్య ఆయన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని దాని బల్ల దగ్గరే కూర్చుంది. నేను నేల మీద కూర్చున్నాను.

"భవ్యా, ఆ రోజు నొక్కింది నేనే" అన్నాను.

"తెలుసక్కా. అందులో రాసే ఉంది గదా."

"ఒక్క తిట్టన్నా తిట్టవే."

"ఎందుకు? నువ్వు నొక్కకపోతే నేనే నొక్కేదాన్ని. మూడేళ్ళుగా ఆయన నోరు తెరిస్తే చాలు, నేను చేసేది అదే గదక్కా." తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటోంది. "ఎవ్వరూ వినకూడదని నేనే ఎంచా. నేను కూడా వినకుండా పోతానని అనుకోలేదు."

నేను ఏడ్చాను. అది ఏడవలేదు. కాసేపటికి కుర్చీ దిగి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అక్కా, ఆ రోజు ఆయన గొంతు విన్నది నువ్వే. ఎట్లా పిలిచాడు? భయపడ్డాడా? నొప్పితో పిలిచాడా?"

"లేదు." ఈ ఒక్క మాటలో అబద్ధం చెప్పకూడదనుకుని బాగా గుర్తుచేసుకున్నాను. "మామూలుగానే పిలిచాడు. బయట నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ కూతుర్ని పిలిచినట్టు పిలిచాడు. సంతోషంగానే ఉంది గొంతు."

"ఒకసారి అట్లాగే పిలువక్కా."

"నా వల్ల కాదే."

"పిలువు. నీకొక్కదానికే తెలుసు."

దాని చేతుల్లోని తువ్వాలు కేసి చూస్తూ, గొంతు పెద్దది చేసి, ఆయన పిలిచినట్టే పిలిచాను. "భవ్యా! భవ్యా! ఇటు రామ్మా, నీకో మాట చెప్పాలి."

గిన్నెల చప్పుడు ఆగింది. భవ్య కళ్ళు మూసుకుని నా మీదికి వంగింది.

"ఆఁ నాన్నా, వచ్చా. చెప్పు" అంది.

నేనేం చెప్పలేదు. నేను విన్నది అంతవరకే.